బీరువాలో పాలసీ ఎవరి పేరున ఉంది?

బేగంబజార్‌కి ఆ పేరు ఒక స్త్రీ వల్ల వచ్చింది. రెండవ అసఫ్‌జా నిజాం అలీఖాన్ భార్య హమ్దా బేగం వర్తకులకిచ్చిన స్థలంలో ఈ బజారు వెలిసిందని చెప్తారు. ఇవాళ ఆ సందుల్లో నడుస్తూ దుకాణాల బోర్డులు చదివితే తండ్రీకొడుకుల పేర్లు, అన్నదమ్ముల పేర్లే కనిపిస్తాయి. అక్కడ స్త్రీలు లేరని కాదు. గోదాముల్లో ఎండుమిర్చి తొడిమలు తీసేవాళ్ళు, దినుసులు చెరిగి పొట్లాలు కట్టేవాళ్ళు, దుకాణాలు ఊడ్చేవాళ్ళు, రోడ్డువారన గంప పెట్టుకుని అమ్మేవాళ్ళు ఉన్నారు. దుకాణాల మీది అంతస్తుల్లో కాపురముంటూ, ఏ ఖాతా పుస్తకంలోనూ రాయని పని చేసే వర్తకుల భార్యలూ కోడళ్ళూ ఉన్నారు.

రెండేళ్ళ క్రితం అక్కడ కొంతమంది స్త్రీలతో కూచుని మాట్లాడుతున్నప్పుడు ఒకామె ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని ఒక పాలసీ కాగితం తెచ్చింది. ఆమెకి ముప్ఫై నాలుగేళ్ళు. భర్తది స్టీలు సామాన్ల చిన్న దుకాణం. గుండెపోటుతో హఠాత్తుగా పోయాడు. ఇద్దరు పిల్లలు. పాలసీ పెళ్ళికి మూడేళ్ళ ముందు తీసుకున్నది. నామినీగా అతని తల్లి పేరుంది. పెళ్ళయిన తర్వాత తొమ్మిదేళ్ళపాటు ప్రతి ఏడాదీ ప్రీమియం కట్టారు. ఒక ఏడాది ఆమె పుట్టింటి నుంచి తెచ్చిన డబ్బుతో కూడా కట్టారు. కానీ ఒక్కసారి కూడా ఆ కాగితం విప్పి ఎవరి పేరు రాసి ఉందో చూడలేదు. “నాకేం తెల్వదక్కా. కాయితాలన్నీ ఆయననే చూసుకునేటోడు” అందామె. అత్తగారు మాత్రం “నా కొడుకు నా పేరే రాసిండు గదా” అంటోంది. ఆ అత్తగారికి కూడా ఆస్తి లేదు, పెన్షన్ లేదు, కొడుకు తప్ప దిక్కు లేదు. ఆమె అన్నది అబద్ధమూ కాదు.

ఆ రోజు నుంచీ నాకు ఒక ప్రశ్న మిగిలిపోయింది. వరకట్నం గురించీ గృహహింస గురించీ భూమి హక్కు గురించీ ఇన్నేళ్ళుగా మాట్లాడుతున్న మనం జీవిత బీమా గురించి ఎందుకు మాట్లాడలేదు? అది మధ్యతరగతి మగవాళ్ళు ఆదాయపు పన్ను తగ్గించుకోవడానికి చేసే పనిగా వదిలేశాం. కానీ చాలా కుటుంబాల్లో ఇల్లు తర్వాత అంత పెద్ద మొత్తం ఏదన్నా ఉంటే అది బీమా సొమ్మే. ఆ సొమ్ము చేతికొచ్చేది కూడా స్త్రీ అత్యంత నిస్సహాయంగా ఉండే రోజుల్లో. కాబట్టి పాలసీని ఎంచుకోవడం, దాన్ని ఏటా తిరిగి చూసుకోవడం ఇంటి యజమాని పనిగా వదిలేయాల్సినవి కావు. వాటిని ఆస్తి హక్కులో భాగంగా చూడాలి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది అదే.

ఎవరి ప్రాణానికి విలువ?

మన దేశంలో మొదటి జీవిత బీమా కంపెనీ 1818లో కలకత్తాలో పెట్టిన ఓరియంటల్. హైదరాబాద్ రాజ్యంలో నిజాం ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం 1907లో మొదలుపెట్టిన ఏర్పాటే ప్రభుత్వ ఉద్యోగుల జీవిత బీమా శాఖకి మూలం. 1956లో 245 ప్రైవేటు సంస్థల వ్యాపారాన్ని కలిపి ఎల్.ఐ.సి.ని ఏర్పాటు చేశారు. ఈ చరిత్రంతటిలోనూ బీమాకి అర్హత ఉన్న మనిషంటే నెలజీతం తెచ్చే పురుషుడు. స్త్రీ అతని మీద ఆధారపడినది, అతని తర్వాత డబ్బు పుచ్చుకునేది. ఆమె ప్రాణానికి విడిగా ఒక విలువ ఉంటుందన్న ఆలోచన చాలా ఆలస్యంగా వచ్చింది. ఎల్.ఐ.సి. స్త్రీలను సంపాదన ఉన్నవాళ్ళు, ఆస్తి మీద రాబడి ఉన్నవాళ్ళు, ఏ ఆదాయమూ లేనివాళ్ళు అని మూడు తరగతులుగా విడదీసింది. మూడో తరగతిలో పడ్డ గృహిణికి బీమా ఇవ్వాలంటే ముందు భర్తకి బీమా ఉండాలన్న షరతు చాలాకాలం నడిచింది.

ఆ సంస్థ ఉద్యోగానికొచ్చిన స్త్రీలను అడిగిన ప్రశ్నలు ఇంకా దారుణం. నెలసరి సక్రమంగా వస్తుందా, ఎన్నిసార్లు గర్భం వచ్చింది, గర్భస్రావాలు అయ్యాయా అని దరఖాస్తులో అడిగేవారు. నీరా మాథుర్ కేసులో సుప్రీంకోర్టు 1991లో ఇవి స్త్రీని అవమానించే ప్రశ్నలని చెప్పి, వాటిని తీసేయమని ఆదేశించింది. 1995లో మరో తీర్పు వచ్చింది. తక్కువ ప్రీమియంతో ఎక్కువ రక్షణ ఇచ్చే టర్మ్ పాలసీని ప్రభుత్వ ఉద్యోగులకీ పెద్ద కంపెనీల ఉద్యోగులకీ మాత్రమే ఇస్తామన్న షరతు రాజ్యాంగ విరుద్ధమని జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ బి.ఎల్. హన్సారియా తేల్చారు. జీవిత బీమాని సామాజిక భద్రతలో భాగంగా చూడాలని చెప్పిన ఆ తీర్పుని అసంఘటిత రంగంలో పనిచేసే మన సంఘాలు గుర్తుంచుకోవాలి.

గృహిణి ప్రాణం విలువ ఎంత అన్న ప్రశ్న రోడ్డు ప్రమాదాల నష్టపరిహారం కేసుల్లో మళ్ళీ మళ్ళీ వచ్చింది. 2021 జనవరిలో కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన అభిప్రాయంలో 2019 నాటి కాలవినియోగ సర్వే లెక్కలు ఉదహరించారు. జీతం లేని ఇంటిపనికి స్త్రీలు రోజుకి 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని ఆ సర్వే చెప్పింది. కోర్టు గుర్తించిన ఈ సంగతిని ఇంట్లో మనం గుర్తించామా? ఇద్దరు పిల్లలున్న ఇంట్లో తల్లి చనిపోతే వంటకీ పిల్లల పెంపకానికీ ముసలివాళ్ళ సేవకీ ఎంత ఖర్చవుతుందో లెక్క వేసి ఆమె పేరున బీమా తీసుకున్న కుటుంబాలు ఎన్ని?

ప్రభుత్వ పథకాల్లోనూ ఈ వివక్ష మరో రూపంలో కనిపిస్తుంది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన రైతు బీమా మంచి పథకం. 18 నుంచి 59 ఏళ్ళ రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు వస్తాయి, ప్రీమియం ప్రభుత్వం కడుతుంది. అయితే ఆ రైతు పేరున పట్టా ఉండాలి. నాటు వేసేదీ కలుపు తీసేదీ స్త్రీ. పట్టా మాత్రం భర్త పేరునో మామ పేరునో ఉంటుంది. అంటే పొలంలో ఆమె చేసే పని బీమా దృష్టిలో రైతు పని కాదు. భూమి హక్కుకీ బీమా హక్కుకీ ఉన్న ముడి ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

నామినీ అంటే ఎవరు?

మనలో చాలామంది నామినీగా పేరుంటే డబ్బు మనదే అనుకుంటాం. అది పూర్తిగా నిజం కాదు. సుప్రీంకోర్టు 1983లో సర్బతీ దేవి, ఉషాదేవి కేసులో నామినీ కేవలం సొమ్ము తీసుకునే మనిషి, ఆ సొమ్ము వారసత్వ చట్టం ప్రకారం వారసులందరికీ చెందుతుంది అని చెప్పింది. ఆ కేసులో నామినీ భార్య. వాటా అడిగింది అత్త. అంటే దేశమంతా ఉదహరించే ఈ తీర్పు పేరే ఒక అత్తాకోడళ్ళ తగువు. మగవాడు రాసిన ఒక్క గీత, అతను రాయకుండా వదిలేసిన మరో గీత కలిసి ఇద్దరు స్త్రీలను కోర్టు మెట్లెక్కించాయి.

2015లో బీమా చట్టాన్ని సవరించారు. తల్లిదండ్రులు, భార్య లేక భర్త, పిల్లలు నామినీలైతే ఆ సొమ్ముకి వాళ్ళే హక్కుదారులని 39వ సెక్షన్‌లో చేర్చారు. ఆ తర్వాత కూడా దీని అర్థం గురించి హైకోర్టులు ఒకే మాట చెప్పలేదు. కొన్ని సవరణ ప్రకారం నామినీదే హక్కన్నాయి, కొన్ని వారసత్వ చట్టాన్ని పక్కన పెట్టలేమన్నాయి. బేగంబజార్ స్త్రీ విషయానికొస్తే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం చూస్తే భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి తలా ఒక పాలు పంచుకోవాలి. సవరణను అక్షరాలా చూస్తే మొత్తం తల్లికి పోతుంది. భర్త పెళ్ళయిన మర్నాడు ఒక ఫారం నింపి ఉంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదు. నామినీని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, ఒకరికంటే ఎక్కువమందిని పెట్టి ఎవరికి ఎంత శాతమో రాయవచ్చు. తల్లికి ఒక భాగం, భార్యాపిల్లలకి ఒక భాగం అని రాసుంటే ఇద్దరికీ న్యాయం జరిగేది.

పిల్లల పేర్లు రాసేటప్పుడు ఇంకో సంగతి చూడాలి. నామినీ మైనరయితే సొమ్ము పుచ్చుకోవడానికి మరొకరిని నియమించాలి. దాన్ని అపాయింటీ అంటారు. తల్లి బతికుండగానే ఆ గడిలో బాబాయి పేరో మేనమామ పేరో రాసే అలవాటు మన కుటుంబాల్లో ఉంది. ఆ పేరు తల్లిదే ఉండాలని పట్టుబట్టండి.

అప్పులవాళ్ళు వచ్చినప్పుడు

వ్యాపారం చేసే ఇళ్ళలో అసలు భయం వారసుల నుంచి కాదు, అప్పుల నుంచి. బేగంబజార్‌లో సరుకు అరువు మీద వస్తుంది, అరువు మీద పోతుంది. యజమాని పోయిన పదో రోజుకే లెక్కలు పట్టుకుని మనుషులు గుమ్మంలోకొస్తారు. పాలసీని బ్యాంకులోనో వడ్డీ వ్యాపారి దగ్గరో అప్పుకి హామీగా పెట్టి అతని పేరున బదలాయించి ఉంటే, దాన్నే అసైన్‌మెంట్ అంటారు, నామినేషన్ రద్దు కాకపోయినా ఆ అప్పు మేరకు నామినీ హక్కు తగ్గిపోతుంది. ఎల్.ఐ.సి. వంటి బీమా సంస్థ దగ్గరే పాలసీ మీద అప్పు తీసుకున్నప్పుడు కూడా నామినేషన్ రద్దు కాదు, అప్పు మినహాయించుకుని మిగతాది ఇస్తారు. నేను మాట్లాడిన స్త్రీలలో ఇంకొకామె ఇలాగే పాలసీ పట్టుకుని వెళ్ళి, అది ఎప్పుడో అప్పుకింద పోయిందని అక్కడికి వెళ్ళాకే తెలుసుకుంది. బదలాయింపు చేస్తున్నప్పుడు భార్యకి ఒక మాట చెప్పాలన్న నిబంధన ఏ చట్టంలోనూ లేదు.

దీనికి విరుగుడు మన చట్టాల్లో ఉంది. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టంలో ఉంది. దీన్ని 1923లో హిందూ, ముస్లిం, సిక్కు, జైన కుటుంబాలకి కూడా వర్తింపజేశారు. పెళ్ళయిన మగవాడు తన ప్రాణం మీద తీసుకున్న పాలసీ భార్య కోసమో, భార్యాపిల్లల కోసమో అని పాలసీ మీదే రాయిస్తే, ఆరవ సెక్షన్ ప్రకారం అది ట్రస్టు అవుతుంది. ఆ సొమ్ము అతని ఆస్తిలో భాగం కాదు. అప్పులవాళ్ళకి దాని మీద హక్కు లేదు, వాళ్ళని మోసగించేందుకే తీసుకున్నాడని రుజువు చేస్తే తప్ప. అతను కూడా దాన్ని తాకట్టు పెట్టలేడు, మనసు మారి వేరే పేరు రాయలేడు. ఇతర వారసులు వాటా అడగలేరు.

ఇంత బలమైన రక్షణ ఉండీ దాని గురించి ఎంతమంది ఏజెంట్లు చెప్తున్నారు? పాలసీ తీసుకునేటప్పుడే ప్రపోజల్‌తోపాటు దీనికి ఒక విడి ఫారం నింపాలి. పాలసీ వచ్చిన తర్వాత అడిగితే లాభం లేదు. భర్తలు ఇందుకు సులభంగా ఒప్పుకోరు, ఎందుకంటే తర్వాత దాని మీద వాళ్ళకి పెత్తనం ఉండదు. ఆ అయిష్టతే ఈ చట్టం మనకెంత అవసరమో చెప్తోంది. వ్యాపారస్తుల ఇళ్ళలోని స్త్రీలకీ, అప్పులు చేసి ఆటోలు, ట్రాలీలు కొన్నవాళ్ళ భార్యలకీ మన సంఘాలు మొట్టమొదట చెప్పాల్సిన సంగతి ఇది. ఈ చట్టం ఐదవ సెక్షన్ ఇంకో మాట కూడా చెప్తోంది. వివాహిత స్త్రీ భర్త ప్రమేయం లేకుండా తన పేరున తానే పాలసీ తీసుకోవచ్చు. 1874లోనే రాసిన ఈ మాటని ఇప్పటికీ చాలామంది ఏజెంట్లు నమ్మరు. “సార్‌ని ఒకసారి అడగండి మేడమ్” అంటారు.

ఏది ఎంచుకోవాలి?

ఎవరు చనిపోతే ఈ ఇంట్లో పొయ్యి వెలగడం కష్టమవుతుందో ముందు చూసుకోవాలి. ఆ మనిషికి బీమా ఉండాలి. అది స్త్రీ అయితే స్త్రీకే ముందు ఉండాలి. మిర్చి గోదాముల్లో నేను కలిసిన స్త్రీలలో ఇల్లు నడిపేది చాలామటుకు వాళ్ళే. అయినా ఉన్న ఒక్క పాలసీ కొడుకు పేరునో భర్త పేరునో ఉంది.

రక్షణనీ పొదుపునీ కలపకుండా చూడటం రెండో పని. టర్మ్ పాలసీలో మనిషి చనిపోతేనే డబ్బు వస్తుంది, బతికుంటే ఏమీ రాదు. అందుకే ప్రీమియం తక్కువ. ఎండోమెంట్ పాలసీలో బతికున్నా గడువు తర్వాత డబ్బు వస్తుంది, అందుకే ప్రీమియం చాలా ఎక్కువ. “కట్టిన డబ్బు ఊరికే పోతుందా?” అని స్త్రీలు అడుగుతారు. కష్టపడి కూడబెట్టిన రూపాయి గురించి అలా అనిపించడం సహజం. కానీ లెక్క చూడండి. 2015 మే 9న మొదలైన ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ఒక టర్మ్ పాలసీ. 18 నుంచి 50 ఏళ్ళ మధ్య బ్యాంకు ఖాతా ఉన్నవాళ్ళెవరైనా చేరవచ్చు. 2022 జూన్ నుంచి ఏడాదికి రూ. 436. చనిపోతే 2 లక్షలు. అదే 2 లక్షలకి ఇరవై ఏళ్ళ ఎండోమెంట్ తీసుకుంటే ఏడాదికి దాదాపు పదివేలు కట్టాలి. ఆ తేడా సొమ్మంతా పొదుపే, దాని మీద వచ్చే రాబడి మామూలుగా 5, 6 శాతం దరిదాపుల్లో ఉంటుంది. పొదుపు చేయాలంటే పోస్టాఫీసు ఉంది, సంఘం పొదుపు ఉంది. అత్యవసరమైతే అక్కడి డబ్బు తీసుకోవచ్చు.

తొడిమలు తీసే పని చేసే ఒక పెద్దమ్మ తన కూతురి పెళ్ళి కోసమని పాలసీ తీసుకుని రెండేళ్ళు కట్టింది. మూడో ఏడు పని దొరకలేదు, పాలసీ ఆగిపోయింది. వెనక్కి వచ్చింది కట్టినదాంట్లో చిన్న భాగం. ఇలాంటి కథలు ఇంటింటా ఉన్నాయి. మొదటి ఏడాది ప్రీమియంలో 35 శాతం దాకా ఏజెంటుకి కమిషన్ ఇవ్వడానికి చట్టం చాలా ఏళ్ళు అనుమతించింది. మధ్యలో మానేసినవాళ్ళ నష్టానికి మూలం అక్కడ ఉంది. 2024 అక్టోబరు 1 నుంచి వచ్చిన కొత్త నిబంధనల వల్ల కొత్త పాలసీల్లో మొదటి ఏడాది పూర్తి ప్రీమియం కడితే మానేసినా కొంత వెనక్కి వస్తుంది. ఇది మెరుగే. అయినా నిలకడలేని కూలి మీద బతికేవాళ్ళకి పెద్ద ప్రీమియం పాలసీ అంటగట్టడం తప్పే.

ఆడపిల్ల పెళ్ళి పేరు చెప్పి అమ్మే పాలసీల గురించి ఒక మాట. ‘కన్యాదానం’ పేరుతో ఏజెంట్లు అమ్ముతున్నవి మామూలు ఎండోమెంట్ పాలసీలే. ఆడపిల్ల పుట్టగానే కట్నం కోసం కూడబెట్టాలన్న భయాన్ని అవి సరుకుగా మార్చుకుంటున్నాయి. కట్నానికి వ్యతిరేకంగా నినాదాలిచ్చే మనం ఈ పేరుతో అమ్మకాలు జరుగుతుంటే ఊరుకోకూడదు. దాచాలనుకుంటే ఆమె చదువు కోసం, ఆమె పేరున దాచండి.

ఫారం నింపేటప్పుడు జాగ్రత్త మరీ ముఖ్యం. ఏజెంటు తానే నింపి సంతకం చోట గుర్తు పెట్టిస్తాడు. జబ్బులు, ఆపరేషన్లు అన్న గడుల్లో ‘లేదు’ అని రాసేస్తాడు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మొదటిసారి గర్భసంచి తొలగింపు గురించి అడిగినప్పుడు దేశంలో ముందువరసలో నిలిచినవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే. ముప్ఫై ఏళ్ళకే గర్భసంచి తీయించుకున్న స్త్రీలు మన గ్రామాల్లోనూ బస్తీల్లోనూ ఎందరో ఉన్నారు. అవసరం లేని ఆపరేషన్‌తో ఒకసారి మోసపోయిన స్త్రీ, దాన్ని ఫారంలో దాచారన్న కారణంతో చనిపోయాక మరోసారి మోసపోతుంది. 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్ళు దాటిన పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించకూడదు. కానీ ఆ మూడేళ్ళలోపు ప్రశ్నించవచ్చు. అందుకని ఉన్నది ఉన్నట్టు రాయించండి. నింపిన ఫారం నకలు మన దగ్గర ఉంచుకోవాలి. పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లోపు వెనక్కి ఇచ్చేయవచ్చు, కొద్ది ఖర్చులు మినహాయించుకుని డబ్బు తిరిగి ఇవ్వాలి. ఆ నెలరోజుల్లో పాలసీని సంఘం సమావేశానికి తెచ్చి బిగ్గరగా చదివించుకుంటే ఎన్నో మోసాలు అక్కడే ఆగిపోతాయి.

ఏడాదికోసారి

పాలసీ తీసుకుని బీరువాలో పడేస్తే సరిపోదు. మే 31న జీవన్ జ్యోతి ఏడాది ముగుస్తుంది, ఖాతాలో రూ. 436 లేకపోతే బీమా ఆగిపోతుంది. అదే రోజుల్లో పిల్లల స్కూలు ఫీజుల కోసం ఖాతా ఖాళీ చేస్తాం. కాబట్టి ఏటా మే నెలలో ఇంట్లో ఉన్న పాలసీలన్నీ బయటికి తీసి ఈ ప్రశ్నలు వేసుకోవాలి:

1. ఎవరి ప్రాణం మీద ఉంది? ఇల్లు నడిపేది ఇప్పటికీ ఆ మనిషేనా?
2. నామినీ ఎవరు? పెళ్ళి, పిల్లలు, విడాకులు, నామినీ మరణం వంటివి జరిగాక మార్చారా?
3. ఎక్కడైనా తాకట్టు పెట్టారా, బదలాయించారా, దాని మీద అప్పు ఉందా?
4. ఆఖరి ప్రీమియం రసీదు ఉందా? ఆగిపోయి ఉంటే తిరిగి నడిపించుకునే గడువు ఉందా?
5. పదేళ్ళ క్రితం తీసుకున్న మొత్తం ఇవాళ్టి ఖర్చులకి సరిపోతుందా?
6. ఈ కాగితాలు ఎక్కడున్నాయో ఇంట్లో ఇంకెవరికి తెలుసు?

ఆఖరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ పాలసీ ఉందని తెలియక అడగని కుటుంబాలు చాలా ఉన్నాయి. పదేళ్ళు ఎవరూ అడగని సొమ్ము వృద్ధుల సంక్షేమ నిధికి వెళ్తుంది. ఆ తర్వాత కూడా 25 ఏళ్ళ వరకు హక్కుదారులు అడగవచ్చు. పోయినవాళ్ళ బ్యాంకు పుస్తకంలో ప్రీమియం కింద కోసిన పద్దులు వెతికితే పాలసీల జాడ దొరుకుతుంది.

ఇంకో సంగతి. స్త్రీ తన పేరున తీసుకున్న పాలసీ గురించి కూడా ఆలోచించుకోవాలి. హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం వీలునామా రాయని స్త్రీ స్వార్జితం పిల్లలకీ భర్తకీ, వాళ్ళు లేకపోతే భర్త వారసులకీ పోతుంది. తల్లిదండ్రులు ఆ తర్వాతే. సుప్రీంకోర్టు 2009లో తేల్చిన ఓంప్రకాశ్ కేసులో, భర్త పోయిన మూడు నెలల పెళ్ళితో అత్తింటివాళ్ళు గెంటేస్తే పుట్టింటివాళ్ళు చదివించి ఉద్యోగస్తురాలిని చేసిన ఒక స్త్రీ కూడబెట్టినదంతా భర్త సోదరి కొడుకులకి వెళ్ళింది, ఆమె పుట్టింటికి కాదు. ఒంటరి స్త్రీలు, విడిపోయిన స్త్రీలు సరైన నామినీని పెట్టుకోవడంతోపాటు ఒక వీలునామా రాసుకోవడం మరిచిపోకూడదు. ముస్లిం స్త్రీలకి లెక్క వేరు. పిల్లలుంటే భర్త ఆస్తిలో భార్యకి ఎనిమిదో వంతు, పిల్లలు లేకపోతే నాలుగో వంతు. వీలునామా మూడో వంతు మించి చెల్లదు. అందుకే వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద తీసుకున్న పాలసీ వాళ్ళకి ఇంకా ఎక్కువ అక్కరకొస్తుంది.

అడగాల్సిన చోటు

దేశంలోని బీమా కంపెనీలన్నిటినీ అదుపుచేసే ఐ.ఆర్.డి.ఎ.ఐ. కేంద్ర కార్యాలయం మన హైదరాబాద్‌లోనే, నానక్‌రాంగూడలో ఉంది. బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయం లక్డీకాపూల్ దగ్గర ఉంది. బేగంబజార్ నుంచి ఆటోలో కాసేపటి ప్రయాణం. క్లెయిము తిరస్కరిస్తే, కంపెనీకి రాసి 30 రోజుల్లో జవాబు రాకపోయినా, ఆ జవాబు న్యాయంగా లేకపోయినా ఏడాదిలోపు అక్కడ ఫిర్యాదు చేయవచ్చు. 50 లక్షల దాకా వివాదాలు వింటారు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. ఇన్ని సౌకర్యాలు ఇంత దగ్గర్లో ఉన్నా బస్తీ స్త్రీలు అక్కడికి చేరడం లేదంటే ఆ దూరం తగ్గించే పని మన సంఘాలదే.

బీమా గురించి మాట్లాడితే ప్రభుత్వ బాధ్యతని వదిలేసినట్టవుతుందని కొందరు మిత్రులంటారు. ఆ అనుమానం న్యాయమైనదే. వితంతు పెన్షన్, అసంఘటిత కార్మికులకి భద్రత, ఉచిత వైద్యం ప్రభుత్వం ఇవ్వాల్సినవే, వాటి కోసం పోరాటం ఆగకూడదు. కానీ స్త్రీల సంఘాలే బీమాని చేతిలోకి తీసుకున్న ఉదాహరణ కూడా మన ముందుంది. అహ్మదాబాద్‌లో ‘సేవ’ 1992లోనే తన సభ్యుల కోసం బీమా పథకం మొదలుపెట్టింది. దీనికి భిన్నంగా, 2024 డిసెంబరులో మొదలైన ‘బీమా సఖి’ పథకం స్త్రీలను ఏజెంట్లుగా తయారుచేస్తోంది. మొదటి ఏడాది నెలకి రూ. 7,000 ఇస్తారు. స్త్రీకి ఒక ఉపాధి దొరికితే మంచిదే. కానీ మన సంఘం కార్యకర్త కమిషన్ కోసం పక్కింటి స్త్రీకి పాలసీ అమ్మితే, రేపు ఆ పాలసీలో మోసం జరిగినప్పుడు ఆ స్త్రీ ఎవరి దగ్గరికి వెళ్ళాలి? చదివి చెప్పేవాళ్ళు, అమ్మేవాళ్ళు ఒకరే కాకూడదు. ఇది మన సంఘాల్లో చర్చించి తేల్చుకోవాల్సిన విషయం.

ప్లాస్టిక్ కవరుతో వచ్చిన స్త్రీ సంగతి చెప్పి ముగిస్తాను. చివరికి అక్కడి సంఘంవాళ్ళు అత్తాకోడళ్ళిద్దర్నీ కూచోబెట్టి మాట్లాడారు. సగం పిల్లల పేరున డిపాజిట్ చేయడానికి అత్తగారు ఒప్పుకుంది. “పిలగాండ్లు నాకు మాత్రం కారా?” అందావిడ. మంచి మనిషి కాబట్టి ఒప్పుకుంది. ఒప్పుకోకపోతే ఆ కోడలు ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిరగాల్సి వచ్చేది. ఒక స్త్రీ బతుకు ఇంకొక స్త్రీ మంచితనం మీద ఆధారపడాల్సిన పరిస్థితి రాకుండా ఉండాలంటే, ఆ కాగితం ఇద్దరూ బతికున్నప్పుడే, పక్కపక్కన కూచుని చదువుకోవాలి. మీ ఇంట్లో పాలసీ ఎవరి పేరున ఉందో ఈ వారం చూడండి. వచ్చే నెల సంఘం సమావేశానికి దాన్ని పట్టుకుని రండి.